చెయ్యని వ్యాయామం

అంట్లు తోముతూ ఆమె బరువంతా ఎడమకాలి మీదే వేసి నిలబడింది. కుడి మోకాలు పొద్దున్నించీ సలుపుతోంది. పదింటికి ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరుండాలి. తొమ్మిదిన్నరయినా కూర ఇంకా పొయ్యి మీదే ఉంది.

ఆమె పని చేసేది ఫైర్ స్టేషన్లో. నీళ్ల గొట్టం భుజాన వేసుకుని నాలుగంతస్తుల నిచ్చెన ఎక్కే మనిషి, అటక దులపమని అత్తగారంటే స్టూలెక్కి జారిపడింది. "మంటల్లో దూకే అక్క బూజుకర్రకి పడిపోయిందిరోయ్!" అని తోటివాళ్లు నవ్వితే తనూ నవ్వింది. మోకాలికి ఆపరేషనయ్యాక ఆ నవ్వు పోయింది. రెండు నెలల్లో ఫిట్‌నెస్ పరీక్ష. నిచ్చెన ఎక్కలేకపోతే స్టేషన్లో ఫోనెత్తే కుర్చీయే గతి. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లెవరూ మళ్లీ మంటలార్పే బండెక్కగా ఆమె చూడలేదు.

డాక్టరమ్మ గళ్ల కాగితం ఇచ్చింది. రోజుకి మూడుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు కాలు వంచి చాచాలి. చేసినప్పుడల్లా గడిలో టిక్కు పెట్టాలి. తీరా ఆమె చాప పరిచేసరికి ఇల్లంతటికీ ఆమెతోనే పని పడేది. "పట్టపగలు కాళ్లు చాపుకుంటే కాపురం గడిచినట్టే," అనేది అత్తగారు, గోడతో చెబుతున్నట్టు. భర్త నెమ్మదస్తుడు, కసరడు. "పొద్దస్తమానం వంగుతూ లేస్తూనే ఉన్నావుగా, అది వ్యాయామం కాదూ?" అనేవాడు ప్రేమగానే. మూడుసార్లు రెండయింది, రెండు ఒకటయింది, ఆపైన అదీ లేదు. ఖాళీ గళ్లు చూస్తే పాఠం అప్పజెప్పలేక బడిలో నిలబడినంత సిగ్గేసేది. ఆ సిగ్గు పడలేక, రేపు రెండింతలు చేద్దాంలే అనుకుంటూ, చెయ్యనివాటికీ టిక్కులు పెట్టేసింది. ఆ రేపు రానేలేదు.

స్కూటరు మీద భర్త తీసుకెళ్లాడు. డాక్టరమ్మ ఆమెని బల్ల మీద పడుకోబెట్టి మోకాలు వంచి కొలిచింది. "డెబ్బై డిగ్రీలు. పోయిన నెలా డెబ్బయ్యే." కాగితం తిరగేసి భర్త వైపు చూసింది. "ఒక్క పూట కూడా మానకుండా చేసింది, పాపం. అయినా వంగట్లేదంటే కీలు పట్టేసినట్టే. నిచ్చెన పనికి పనికిరాదని రాసిచ్చేస్తాను."

"పోనీలెండి మేడమ్," అన్నాడు భర్త. "కుర్చీ ఉద్యోగమైతే వేళకి ఇంటికొస్తుంది. మా అమ్మకీ ఆసరాగా ఉంటుంది."

అతని మొహంలో విచారం లేదు. మోస్తున్న మూట దించుకున్నవాడిలా ఉన్నాడు. డాక్టరమ్మ కలం కదిలింది. తన చేత్తో పెట్టిన టిక్కులే తన మెడకి ఉరి బిగిస్తున్నాయని ఆమెకి అర్థమైంది.

"రాయకండి. ఆ టిక్కులు అబద్ధం."

కలం ఆగింది. "ఎన్ని?"

"మూడు వారాలుగా... అన్నీ."

"ఎవర్ని మోసం చేశావు తల్లీ, నన్నా?" అంది డాక్టరమ్మ కోపంగా. కాగితం పక్కకి నెట్టి, "ఇప్పటికే ఆలస్యమైంది. వంగుతుందని మాటివ్వలేను. రోజూ పొద్దున్నే ఆరింటికి వచ్చి నా కళ్లముందు చెయ్యి. ఏడుపొస్తుంది, చెబుతున్నా," అంది.

"ఆరింటికా!" భర్త ఉలిక్కిపడ్డాడు. "మరి పొద్దున్న ఇంట్లో పనో?"

పదకొండేళ్లుగా ఆ ప్రశ్నకి ఆమె దగ్గర ఏదో ఒక జవాబు ఉంటూనే ఉంది. గంట ముందు లేవడమో, తను తినకుండా పరిగెత్తడమో. ఇవాళ వెతకలేదు.

"నాకు తెలీదండీ," అని, బల్ల మీద వెల్లకిలా పడుకుని, పళ్లు బిగించి మోకాలు వంచింది.