స్తంభం దగ్గర నా చోటు

ఆ ఫోను అందం చూసి పడిపోయాను. పడిపోయానంటే పడిపోయానంతే, సిగ్గెందుకు? వెనకంతా ముత్యపుచిప్ప మెరుపు, అంచులన్నీ వంపు తిరిగి నున్నగా, చేత్తో పట్టుకుంటే ఎక్కడ జారిపోతుందోనని భయం. నేను పనిచేసే యాపిల్ తోట పక్క ఊళ్ళో పాత ఫోన్లు అమ్మేవాడు "చిన్న లోపముందమ్మా" అని చెప్పనే చెప్పాడు. కెమెరాలో అంతా చీకటే. పైగా ఎవరూ ముట్టుకోకుండానే తెర నొక్కుకుపోతుంది. తనే ఫోన్ చేసేస్తుంది, వచ్చిన ఫోను తనే ఎత్తేస్తుంది. నా చెవికెక్కితేగా!

మాది సమోవాలో సవాయీ దీవి. ఆస్ట్రేలియాకి కాయలు కొయ్యడానికి వచ్చేటప్పుడు నా కూతురు తిరేసా నా గౌను పట్టుకుని వదల్లేదు. చిన్నపిల్ల, నన్నెక్కడ మర్చిపోతుందోనని నా బెంగ. అందుకే ఊరెళ్తున్న వాళ్ళ చేత ఆ ఫోను ఇంటికి పంపాను.

"అచ్చం నీలాగే ఉందే ఫువా," అన్నాడు మా ఆయన ఔకూసో, అది చేరగానే ఫోన్ చేసి. "చూడ్డానికి బాగుంటుంది, చెప్పిన మాట వినదు."

"నీకు ఆ మాత్రం దొరకడమే ఎక్కువ," అన్నాను.

మా ఊళ్ళో సాయంత్రం శంఖం ఊదితే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. గోడల్లేని ఇంట్లో స్తంభాల మధ్య చాపల మీద కూర్చుని, పాటలు పాడుతూ ప్రార్థన చేసుకుంటాం. ఎవరి స్తంభం వాళ్ళదే. సముద్రం వైపుది నాది. తిరేసా ఆ ఫోన్ని నా స్తంభానికి ఆనించి, పక్కన పువ్వు పెట్టి, నా పళ్ళెంలో దుంప ముక్క కూడా వడ్డించిందట.

మావయ్య ఊరుకోలేదు. "మనిషి చోట్లో మనిషినే కూర్చోబెట్టాలిరా. ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉండనీ," అన్నాడు.

"పిల్ల ఏడుస్తోంది నాన్నా, పోనిద్దూ," అన్నాడు మా ఆయన. నేనూ ఆయన్నే వెనకేసుకొచ్చాను.

అక్కడ శంఖం ఊదే వేళకి ఇక్కడ నేనింకా నిచ్చెన మీదే ఉంటాను. ఆ ఫోను రోజూ అప్పుడే తనంతట తనే నాకు చేసేది. మా మేస్త్రీ చూస్తే చంపేస్తుంది. అందుకని చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, నోరు మూసుకుని, కాయలు కోస్తూ వినేదాన్ని. మావయ్య దగ్గు గొంతు, మా ఆయన దారి తప్పిన రాగం, తిరేసా కీచుగొంతు. వాటి కింద మెల్లగా ఇంకో గొంతు. ఎప్పుడూ నేను పాడే వరస అది.

నా గొంతే తిరిగి వినిపిస్తోంది కాబోలనుకున్నాను. తర్వాత తట్టింది. అసలు నేను పాడితేగా!

ఆదివారం మా ఆయన ఫోనుకి చేస్తే తిరేసా ఎత్తింది. "అమ్మా, నిన్న భలే పాడావు! జడ వదులైందన్నావుగా, నాన్నతో మళ్ళీ వేయించుకున్నా."

"ఫోన్ నాన్నకివ్వు" అన్నాను. ఆయన వచ్చాడు.

"నేను పాడలేదయ్యా. జడ మాటా అనలేదు. ఆ దరిద్రాన్ని తీసుకెళ్ళి సముద్రంలో పారెయ్."

"ఏంటే, ఎండ దెబ్బ కొట్టిందా? నువ్వు పక్కనే కూర్చున్నట్టుంది. పిల్ల ఇప్పుడిప్పుడే నవ్వుతోంది. అది తీసేస్తే దాన్నెవరు ఊరుకోబెడతారు, నువ్వా?"

ఆ మాట గుచ్చుకుంది.

మర్నాడు పాట మొదలవగానే, మేస్త్రీ ఉంటే ఉందని నిచ్చెన మీంచే అరిచాను. "తిరేసా! నేనమ్మా, అమ్మని!"

పాట ఆగింది. "అమ్మా, ఫోన్లో ఎవరో నన్ను పిలుస్తున్నారు," అంది పిల్ల.

"పలక్కు తల్లీ," అంది నా గొంతు, అచ్చం నేను జోకొట్టేటప్పటిలా. "ప్రార్థనలో మాట్లాడకూడదు."

కాయల సంచి ఎక్కడ పడేశానో తెలీదు. పని మానేసి బయల్దేరాను. విమానంలో, పడవలో, బస్సులో ఒకటే మొక్కుకున్నాను, నా బిడ్డ నన్ను గుర్తుపడితే చాలు దేవుడా అని.

ఊళ్ళో దిగేసరికి శంఖం ఊదారు. ప్రార్థన వేళ ఎవరూ తిరక్కుండా కాపలా కాసే ఊరి కుర్రాళ్ళు దారికి అడ్డం నిలబడ్డారు.

"మా ఇల్లు అదిగో కనిపిస్తూనే ఉంది, వదలండ్రా!"

"ప్రార్థన అయ్యాక వెళ్ళక్కా. నీ ఒక్కదానికి వేరే పద్ధతా?"

అక్కణ్ణించే చూశాను. చాపల మీద ముగ్గురు. నా స్తంభం దగ్గర నల్లటి తెర. పాట మాత్రం నలుగురిది. నేనూ అందుకోబోయాను. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

శంఖం మళ్ళీ ఊదగానే పరిగెత్తాను. నన్ను చూసి మావయ్య లేవబోయి కూలబడ్డాడు. ఔకూసో నన్ను చూశాడు, తర్వాత స్తంభం వైపు చూశాడు. నేను పోయి నా చోట కూర్చోబోయాను.

తిరేసా చెయ్యి అడ్డం పెట్టింది. ఇంటికొచ్చిన కొత్తవాళ్ళతో ఎలా మాట్లాడాలో నేను నేర్పిందే, ఆ మర్యాదతోనే అంది.

"అక్కడ కాదండీ. అది మా అమ్మ చోటు."

నోరు తెరిచాను. మాట రాలేదు.

"ఎవరు తల్లీ వచ్చింది?" అని స్తంభం దగ్గర నా గొంతు అడిగింది.