గోడల మీద మేం లేని రోజు

మా అమ్మ ఎర్నెస్టీన్ మంచం మీదికి ఇంటికప్పు కారుతోంది. బాగు చేయించాలంటే బ్యాంకు అప్పు కావాలి, అప్పు కావాలంటే ఇంటికి విలువ కట్టించాలి. కిందటి నెల విలువ కట్టడానికి వచ్చినవాడు అమ్మ మొహం చూశాడు, గోడ మీద నాన్న ఫొటో చూశాడు, పది నిమిషాల్లో తేల్చేశాడు. రైలు పట్టాలకి అవతల, తెల్లవాళ్ల వీధిలో, ఇదే కొలతల ఇంటికి పలికే దాంట్లో సగం కూడా రాయలేదు. బ్యాంకు అప్పు లేదు పొమ్మంది.

ఈసారి వేరే బ్యాంకుకి వెళ్లాం. చికాగోలో మా నల్లవాళ్లందరికీ తెలిసిన పనే చేశాం: ఇంట్లోంచి మమ్మల్ని మేమే తీసేసుకున్నాం. మిలిటరీ దుస్తుల్లో నాన్న ఫొటో, అమ్మ చర్చి టోపీలు, పొయ్యి మీద కాల్చి జుట్టు సాపు చేసుకునే ఇనుప దువ్వెన, అన్నీ అట్టపెట్టెల్లోకి పోయాయి. మా నల్లవాళ్ల వంటని వాసనే పట్టిచ్చేస్తుందని, రెండు రోజులు పందిమాంసంతో ఆకుకూర ఉడికించొద్దని అమ్మకి చెప్పాను. నాతో పనిచేసే తెల్లమ్మాయి హైడీ తన పిల్లల ఫొటోలు, కుక్క ఫొటోతో సహా తెచ్చి తగిలించింది, ఆ రోజు తలుపు తనే తీస్తానంది.

"మరి నన్ను ఏ పెట్టెలో పెడతావే వెర్నీటా?" అంది అమ్మ.

"ఎదురింటి మిస్ ఓడెల్ అరుగు మీద కూర్చో అమ్మా. ఒక్క గంటే."

"యాభై రెండేళ్లు కాపురమున్న ఇంటికి పరాయిదాన్నైపోయానన్నమాట," అంటూ వెళ్లింది. నాకు సిగ్గేసింది.

ఈసారి విలువ కట్టడానికి వచ్చినవాడు హైడీయే ఇంటావిడ అనుకున్నాడు. మేం దిద్దలేదు. తుడుపుకర్ర పట్టుకుని నేను పనిమనిషినయ్యాను. నా వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు.

"ఈ చెక్కపని చూడండి మేడమ్! ఇప్పుడెక్కడ దొరుకుతుంది ఇలాంటిది!" అని మురిసిపోయాడు. కిందటివాడూ ఈ చెక్కనే చూశాడు. పాతబడిందని రాశాడు.

వెళ్తూ గుమ్మంలో ఆగి ఎదురింటివైపు చూపించాడు. "ఆ ముసలావిడ ఇందాకట్నుంచీ ఇటే చూస్తోంది. తలుపు గడియ పెట్టుకోండి మేడమ్."

అమ్మ అలవాటుకొద్దీ అతనికి చెయ్యూపింది.

నా ఒళ్లు భగ్గుమంది. ఆ కర్ర వాడి నెత్తినే విరగ్గొట్టాలనిపించింది. నోరు తెరిస్తే అప్పు పోతుంది. పళ్లు నూరుకుంటూ తుడిచిన చోటే తుడిచాను.

వారానికి కాగితం వచ్చింది. విలువ మొదటిదానికి రెట్టింపు! మేం లేని ఇల్లు అంత ఖరీదన్నమాట. అప్పు ఖాయమైంది.

అమ్మ నవ్వలేదు. "ఆ రోజు గుమ్మంలో నన్ను చూపించి ఏదో అన్నాడు. ఏమన్నాడే?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఎందుకు చెప్పాలి?

"నీకు భయపడి గడియ పెట్టుకోమన్నాడమ్మా."

అమ్మ లేచి తలుపు దగ్గరికి వెళ్లింది.

"ఈ గడియ మీ నాన్న బిగించాడే. మేం ఈ ఇంట్లో దిగిన మొదటి వారం, వీధిలోకి నల్లవాళ్లొచ్చారని తెల్లవాళ్లు కిటికీలోకి రాళ్లు విసిరితే."

గడియ పెట్టి నా వైపు తిరిగింది. "పెట్టెలు తీసుకురా. నాన్న ఫొటో ఉన్నది ముందు."