ఆడుగొంతు నెరుగని మంచము

శ్రావణమాసారంభమున సముద్రమారుతచోదితములైన నీలమేఘములు ఋషికొండ శిఖరముపై క్షణకాలము విశ్రమించి సన్నని తుంపరలు చిలికి విశాఖపట్టణపు వీధులను కడిగి మెరుగుపెట్టుచుండెను. అట్టి ప్రాతఃకాలమున ఆ కొండచెంత నున్న యొక సాఫ్ట్‌వేరు సంస్థయందు పదిమంది పురుషుల నడుమ ఏకైక మహిళయై పనిచేయు మజ్జి అలివేణి, రోగుల మాట విని తనంత తాను తలభాగము నెత్తునట్లు నూతననిర్మితమైన యంత్రశయ్య యెదుట నిలిచి "మంచమా, లే" యని ముమ్మారు పలికెను. శయ్య కదలలేదు. బృందనాయకుడైన విశ్వంభరరావు తన మేఘగంభీరస్వరముతో నామాటయే పలుకగా నది వినయశీలుడైన భృత్యునివలె లేచెను.

"సార్, దీనికి మగవాళ్ల గొంతులే నేర్పించాం. ఆడవాళ్ల మాట దీనికి అందడం లేదు."

"లోపం మంచంలో లేదమ్మా. నువ్వు కాస్త గట్టిగా మాట్లాడాలి" అని యాతడు నవ్వగా తక్కినవారును నవ్విరి.

అలివేణి చిన్నబోయెనే గాని క్రుంగలేదు. వాదించి గెలుచుటకంటె చేసి చూపుట మేలని తలచి పదునైదు దినములు భోజనవిరామసమయములందు రైతుబజారునకును చేపలరేవునకును బస్సుస్టాండునకును పోయి మున్నూరుమంది స్త్రీలచేత ఎవరి యాసలో వారిచేత నామాటలు పలికించి సెల్‌ఫోనున పట్టి తెచ్చి యంత్రమునకు క్రొత్త పాఠము సిద్ధపరచెను. "మంచంతో మాటాడమంతావేటే పిల్లా!" అని పకపక నవ్వుచునే వారందరును పలికిరి. విశ్వంభరరావునకు మాత్రము దానిని పరికించుటకు తీరిక దొరకదయ్యెను.

పరీక్షాదినమున ఆసుపత్రియందు తుంటియెముక విరిగిన పైడితల్లమ్మ యను వృద్ధురాలిని శయ్యపై పరుండబెట్టిరి. వైద్యులు చుట్టును నిలిచి చూచుచుండగా నామె పిలిచెను, బ్రతిమాలెను, తుదకు గొంతెత్తి యరచెను. శయ్య పాషాణమువలె నుండెను.

"ఏటి బాబూ, దీనికి సెవుడేటి?"

వైద్యులు నోటికి చేతులడ్డము పెట్టుకొనిరి. విశ్వంభరరావు వెలవెలబోయి అలివేణివైపు తిరిగి "నువ్వు చేసింది తెచ్చావా అమ్మా?" యని మెల్లగా నడిగెను. నాలుక కొసకు వచ్చిన మాటను మ్రింగి "తెచ్చాను సార్" అని యామె తన పాఠమును యంత్రమున కెక్కించెను.

అలసిన పైడితల్లమ్మ యీమారు గొణిగినట్లుగా "లెగు నాయనా" యనెను. శయ్య మెల్లమెల్లగా తలయెత్తెను. కరతాళధ్వనులు చెలరేగగా విశ్వంభరరావు ముందునకు వచ్చి "ఇది అలివేణి చేసిన పని. నేను విననందుకు సిగ్గుపడుతున్నాను" అని యెల్లరు వినునట్లు పలికెను. లోకమున సగముమంది పలుకు నెరుగని విద్య యెంతటిదైనను అరవిద్యయే యని యాతనికి నాడు తెలిసెను.

పైడితల్లమ్మ మాత్రము చాలునని వైద్యులెంత వేడినను వినక, లెగు దిగు అని శయ్యచేత ఊయలసేవ చేయించుకొనుచు బోసినోటితో నవ్వెను.

"ఉండండి బాబూ. ఇన్నాళ్లకి నా మాట ఇన్నదొకటి దొరికింది!"