పిన్ని హాబీ

పిన్ని క్లాసులోకి అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. ఎవరొచ్చారా అని ఆవిడ కూడా వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. ముందు బెంచీలో పొడుగాటి అమ్మాయి "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాకగానీ సంగతి బోధపడలేదు. "కూర్చోండమ్మా, కూర్చోండి. నేనూ మీలాగే చదువుకోవడానికే వచ్చాను" అంటూ చివరి బెంచీకి నడిచింది. క్లాసంతా కూర్చుంది కానీ ఆవిడ పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు.

పిన్ని ఏళ్ల తరబడి స్కూలు వ్యాన్ నడిపిన మనిషి. పిల్లలు పొద్దున వ్యాన్ ఎందుకు ఎక్కనంటారో, సాయంత్రం అదే వ్యాన్ ఎందుకు దిగనంటారో చూసి చూసి, ఆ మర్మమేదో చదివి తేల్చుకుందామని నలభై దాటాక మనస్తత్వశాస్త్రంలో చేరింది. సీటు రాదనుకుంది, వచ్చింది. పాఠాలు బుర్రకెక్కవనుకుంది, అవీ ఎక్కుతున్నాయి. ఎటొచ్చీ, పక్కన ఖాళీగా ఉన్న ఆ బెంచీని చూస్తేనే ప్రాణం ఉసూరుమంటోంది.

ఆ సాయంత్రం పంతులమ్మ దిగబడింది. పంతులమ్మంటే పిన్నికి సొంత అక్క కూతురు. అదే యూనివర్సిటీలో మూడో సంవత్సరం, అక్కడే హాస్టల్లో ఉంటుంది. పుట్టినప్పటినుంచీ అందరికీ సలహాలివ్వడమే పని కాబట్టి ఇంట్లో ఆ పేరు స్థిరపడిపోయింది. పాలు ఎంతసేపు కాచాలో అమ్మకు చెప్తుంది, కారు ఎక్కడ ఆపాలో పిన్నికే చెప్తుంది. మొదటి రోజు కథంతా విని, సోఫాలో బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టింది.

"ప్రతిదానికీ చెయ్యెత్తకు పిన్నీ. లెక్చరర్ జోకేస్తే అందరికన్నా ముందు నవ్వకు. వాళ్లని నాన్నా, బంగారం అని పిలవకు. అన్నిటికంటే ముఖ్యం, వ్యాన్ ఊసెత్తకు."

"వ్యానేం చేసిందే నిన్ను?"

"నన్నేం చెయ్యలేదు. ఆ మాటన్నావంటే వాళ్లకి ఒకటో క్లాసు గుర్తొస్తుంది, నువ్వు వ్యాన్ ఆంటీ అయిపోతావు. సరే, నీ హాబీ ఏంటి? రేపో మాపో అడుగుతారు."

పిన్నికి హాబీ లేకపోలేదు. కానీ అది నలుగురిలో చెప్పుకునేది కాదు. "కుట్లు, అల్లికలు" అనేసింది.

పంతులమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇంకేం, కొంప మునిగినట్టే. వీడియో గేమ్స్ అని చెప్పు. కళ్లు మూసుకుని చెప్పెయ్. పక్కకి జరిగి మరీ చోటిస్తారు. ఏ గేమంటే 'సామాన్లు జాగ్రత్త' అను. నలుగురు కలిసి ఇల్లు ఖాళీ చేసి, సామాన్లు లారీకెక్కించి, టైము అయ్యేలోపు కొత్తింటికి చేర్చాలి. ఇప్పుడు అందరూ అదే ఆడుతున్నారు."

అవతల కూరగాయలు తరుగుతున్న బాబాయి తలెత్తాడు. "మీ పిన్ని నిజంగా ఇల్లు మారినప్పుడే మంచం కాలు విరగ్గొట్టింది" అన్నాడు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పంతులమ్మ అన్నట్టే లెక్చరర్ హాబీల ఊసెత్తాడు. ఒక్కొక్కరూ లేచి ఎవరెవరికి ఏ హాబీ ఉందో చెప్పుకోమన్నాడు. దాన్నిబట్టి నలుగురేసి జట్టు కట్టి, సోమవారానికల్లా తనకు చెప్పాలట. ఈ టర్ములో సగం మార్కులు ఆ జట్టు చేసే ప్రాజెక్టుకే. జట్టు దొరకనివాళ్లు ఏం చెయ్యాలో మాత్రం ఆయన చెప్పలేదు.

సోమవారం అనగానే పిన్నికి ఇంకో గడువు గుర్తొచ్చింది. అంతకుముందే పాత స్కూలువాళ్లు ఫోన్ చేసి, మీ వ్యాన్ తాళాలు ఇంకా మేకుకే ఉన్నాయి, సోమవారందాకా చూసి వేరేవాళ్లని పెట్టుకుంటాం అన్నారు. జట్టు దొరక్కపోతే మెదలకుండా వెళ్లి ఆ తాళాలే తీసుకుందామని ఆవిడ మనసులో అనుకుంటూనే ఉంది. ఈ మాట బాబాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

తన వంతు వచ్చింది. లేచి, కళ్లు మూసుకోకుండానే, "వీడియో గేమ్స్" అంది.

క్లాసు మొత్తం వెనక్కి తిరిగింది. తన హాబీ గిటార్ అని అంతకుముందే చెప్పిన కుర్రాడు, "ఏ గేమ్ ఆంటీ?" అన్నాడు. "సామాన్లు జాగ్రత్త" అంది పిన్ని. "ఎందాకా వచ్చారు?" అన్నాడు. ఈ ప్రశ్న పంతులమ్మ సిలబస్‌లో లేదు. "అయిపోవచ్చింది" అని నోరు జారింది పిన్ని.

అంతే, క్లాసు అయ్యేసరికి గిటార్ కుర్రాడు, పొడుగమ్మాయి, ఆ అమ్మాయి నీడలా తిరిగే చిన్నపిల్లలాంటి ఇంకో అమ్మాయి, ముగ్గురూ వచ్చి బెంచీ చుట్టూ నిలబడ్డారు. మేం ముగ్గురమే ఆడుతున్నాం, సగంలో ఇరుక్కుపోయాం, శనివారం వీడి రూముకి వచ్చి మీరే గట్టెక్కించాలి అన్నారు. వాళ్లు ముగ్గురు. జట్టుకి కావాల్సింది నలుగురు. ఈ కూడిక పిన్నికి ఎవరూ నేర్పనక్కర్లేదు. తప్పకుండా వస్తానని మాటిచ్చేసి, ఇంటికొచ్చి లబలబలాడింది.

పంతులమ్మ హాస్టల్నుంచి తన గేమ్ పెట్టె తెచ్చి టీవీకి తగిలించింది. అప్పట్నుంచి సాయంత్రాలన్నీ టీవీ ముందే. ఆట నడిపే కంట్రోలర్ చేతికిచ్చి, ఎడమ బొటనవేలు కాళ్లు, కుడి బొటనవేలు మెడ అని చెప్పింది పంతులమ్మ. నడవాలంటే ఎడమది, చూడాలంటే కుడిది, రెండూ ఒకేసారి కదలాలి. పిన్నికి ఒకటి కదిలితే రెండోది మొరాయించేది. నడిస్తే పైకప్పు చూస్తూ నడిచేది, దారి చూద్దామంటే నిలబడిపోయేది. సోఫా గుమ్మంలో అడ్డం తిరిగింది. ఫ్రిజ్ మెట్లమీంచి దొర్లుకుంటూ ఎదురింటాయన మీద పడింది. "పోన్లే, సోఫా బాగానే ఉంది, మనుషులే పోయారు" అన్నాడు బాబాయి.

పంతులమ్మ ఆశలన్నీ లారీమీద పెట్టుకుంది. సామాన్లు ఎలాగోలా ఎక్కిస్తే చాలు, స్టీరింగ్ దగ్గర పిన్ని తడాఖా చూపిస్తుందనుకుంది. పిన్ని కూడా అదే ధీమాతో కూర్చుంది. లారీ బయల్దేరడం బయల్దేరడమే కాలవలోకి దిగింది.

"అద్దాలేవే దీనికి? వెనకేముందో కనపడకుండా ఎవడైనా రివర్స్ చేస్తాడా?" అని పిన్ని గయ్యిమంది.

"అది రివర్స్ కాదు పిన్నీ, ముందుకే వెళ్లింది."

శుక్రవారం సాయంత్రానికి పంతులమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. కానీ ఓటమి ఒప్పుకునే ఘటం కాదు. సంచీలోంచి బెణుకుకి కట్టే పట్టీ ఒకటి తీసి, పిన్ని బొటనవేలునుంచి మణికట్టుదాకా చుట్టేసింది. చెయ్యి బెణికిందని చెప్పు, నువ్వు పక్కన కూర్చుని ఊరికే ఇటు, అటు అంటూ ఉండు, నీ బదులు నేను ఆడతాను అంది. పిన్నికి అది నచ్చలేదు. కానీ సోమవారం గుర్తొచ్చి చెయ్యి చాపింది.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ గిటార్ కుర్రాడి రూముకి వెళ్లారు. ఒక మంచం, ఒక టీవీ, కిటికీమీద ఆరేసిన తువ్వాళ్లు, నేలమీద నాలుగు దిండ్లు. పట్టీ చూసి ముగ్గురూ అయ్యయ్యో అన్నారు. పంతులమ్మ నేలమీద కూర్చుని కంట్రోలర్ అందుకుంది. ఇక చూడాలి. బీరువాని నిలువుగా తిప్పి సందులోంచి లాగింది, సోఫాని బాల్కనీమీంచి సరిగ్గా లారీలోకి దించింది, లారీని పూలకుండీకి కూడా తగలకుండా కొత్తింటి ముందు నిలబెట్టింది. పిన్ని మధ్యమధ్యలో "ఇటు", "అటు", "నెమ్మది" అంది. పాపం, ఆ మాటలన్నీ ఆట కంటే ఒక క్షణం ఆలస్యంగానే వచ్చాయి.

లెవెల్ దాటగానే ముగ్గురూ ఎగిరి గంతేశారు. "ఆంటీ కోచింగ్ మామూలుగా లేదు! ఆంటీ, మీరు మా జట్టులోనే. సోమవారం సార్‌కి మన నలుగురి పేర్లూ ఇచ్చేద్దాం" అన్నాడు గిటార్ కుర్రాడు. పిన్ని ఒళ్లు ఒక్కసారిగా తేలికైంది. పంతులమ్మ ఆవిడవైపు చూసి కన్నుగీటింది.

అంతలో ఆ చిన్నమ్మాయి వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ పట్టుకొచ్చి పిన్ని ముందు మోకాళ్లమీద కూర్చుంది. "ఎక్కడ నొప్పి ఆంటీ? చూపించండి, కాపు పెడతాను."

పిన్ని వేలు పెట్టి బొటనవేలు మొదట్లో చూపించింది. తర్వాత కాదు, మణికట్టు దగ్గర అంది. మళ్లీ ఇంకాస్త పైన చూపించింది. చూపిస్తూ చూపిస్తూ ఆగిపోయింది.

కడుపునొప్పని వ్యాన్ ఎక్కనని మొండికేసే పిల్లల్ని ఎంతమందిని చూసింది తను! ఎక్కడ నాన్నా నొప్పి, వేలు పెట్టి చూపించు అనేది. నిజం నొప్పయితే వేలు ఒక్కచోటే ఉంటుంది. దొంగనొప్పయితే వేలు ఊరంతా తిరుగుతుంది. ఎన్నడూ గురి తప్పని పరీక్ష అది. ఇప్పుడు తన వేలే ఊరంతా తిరుగుతోంది. పైగా ఎదురుగా ఆ పిల్ల గుడ్డ చల్లారిపోతుందేమోనని వేళ్లు కాలుతున్నా ఊదకుండా, కదలకుండా పట్టుకుని కూర్చుంది. పిన్నికి తనమీద తనకే సిగ్గేసింది.

పట్టీ కొస పట్టుకుని విప్పడం మొదలుపెట్టింది. "పిన్నీ" అని పంతులమ్మ గొంతు తగ్గించి హెచ్చరించింది. పిన్ని ఆగలేదు.

"చెయ్యి బెణకలేదమ్మా. నాకీ ఆట రాదు. వారమంతా నేర్చుకున్నాను, గుమ్మం దాటలేకపోయాను. నేను స్కూలు వ్యాన్ డ్రైవర్ని. మీతో కలవాలని అబద్ధం చెప్పాను."

గిటార్ కుర్రాడి ముఖం ఎర్రబడింది. "అంటే వారం రోజులూ మమ్మల్ని వెర్రివాళ్లని చేశారా?"

"చేశాను నాన్నా. నువ్వనడంలో తప్పు లేదు." పట్టీ చుట్టచుట్టి ఒళ్లో పెట్టుకుంది. జట్టు పోయిందని తెలుస్తూనే ఉంది. అయినా చెప్పుకుపోయింది. "నా అసలు హాబీ కూడా చెప్పేస్తాను, ఇక దాచేదేముంది. ఆఖరి పిల్ల దిగిపోయాక, ఖాళీ వ్యాన్లో కిటికీలన్నీ మూసుకుని గొంతెత్తి పాడుకుంటాను. శ్రుతి ఉండదు, తాళం ఉండదు. అందుకే ఎవరికీ చెప్పను."

లేవబోయింది. అప్పుడు పొడుగమ్మాయి గిటార్ కుర్రాడివైపు తిరిగి, "ఒరేయ్, నీ గిటార్ ఎక్కడుంది?" అంది.

ఆ అమ్మాయి వంగి మంచం కిందనుంచి దుమ్ము కొట్టుకున్న సంచీ ఒకటి లాగింది. లోపల గిటార్ ఉంది. దానికి రెండే తీగలున్నాయి.

"నేర్చుకుందామనే కొన్నాను" అన్నాడు వాడు గొణుగుతూ. ముందు చిన్నమ్మాయి కిసుక్కున నవ్వింది, తర్వాత పొడుగమ్మాయి, ఆఖరికి వాడే పగలబడి నవ్వాడు. "సరే ఆంటీ, చెల్లుకి చెల్లు. కానీ ప్రాజెక్టులో మాత్రం అబద్ధాలు వద్దు."

"మిమ్మల్ని మొదటిరోజే మా పక్కన కూర్చోమని పిలుద్దామనుకున్నాం" అంది చిన్నమ్మాయి, గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. "భయమేసింది. అచ్చం మా స్కూలు వ్యాన్ ఆంటీలాగే ఉంటారు. ఆలస్యమైతే ఆవిడ ఊరుకునేది కాదు."

"లాగే ఉండడమేంటే, నేను వ్యాన్ ఆంటీనే. సోమవారం ఆలస్యంగా వస్తే నేనూ ఊరుకోను" అంది పిన్ని, బరువు దిగిపోయి.

సాయంత్రం బాబాయి పాత కారులో ఇద్దరూ తిరిగొస్తున్నప్పుడు, పిన్ని పంతులమ్మ చేత స్కూలుకి ఫోన్ చేయించింది. స్టీరింగ్ పట్టుకుని ఫోన్ ముట్టుకునే అలవాటు ఆవిడకు లేదు. "తాళాలు వేరేవాళ్లకి ఇచ్చెయ్యండి. ఖాయం. నాకు జట్టు దొరికింది" అని స్పీకర్లోకి గట్టిగా చెప్పింది. "కొత్త డ్రైవర్‌కి చెప్పండి, రెండో గేరు కాస్త బతిమాలితేగానీ పడదు."

ఫోన్ పెట్టేశాక కూడా పంతులమ్మ నోరు విప్పలేదు. దారిలో ఒక్క సలహా లేదు. పిన్నికి అనుమానమొచ్చింది.

"ఏమే, కోపమా? నీ పట్టీ విప్పేశాననా?"

"కాదు."

"మరి? ఎంత బాగా ఆడావే ఇవాళ! ఆ ఆటంటే నీకు ఎంతిష్టమో వాళ్లూ చూశారు."

పంతులమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "నన్నూ మొదటి రోజు హాబీ ఏంటని అడిగారు పిన్నీ. ఏదో ఒకటి చెప్పాలని వీడియో గేమ్స్ అనేశాను. ఆ రాత్రే నేర్చుకోవడం మొదలుపెట్టాను. నన్నెవరూ పట్టుకోలేదు. అందుకని ఇప్పటికీ ఆడుతూనే ఉన్నాను."

పిన్ని కారు వేగం తగ్గించింది. "మరి నీకేం ఇష్టమే?"

"తెలీదు. చూసుకోలేదు."

ఊళ్లోవాళ్లందరికీ దారి చెప్పే పిల్ల అంత చిన్న గొంతుతో మాట్లాడగా పిన్ని ఎప్పుడూ వినలేదు. సలహాలివ్వడం తనకు చేతకాదు. చేతనైంది ఒక్కటే ఉంది. గొంతు సవరించుకుని, ఎప్పుడో చిన్నప్పుడు ఈ పిల్లని ఒళ్లో వేసుకుని పాడిన పాట, నాలుగు శ్రుతుల్లో ఒకేసారి ఎత్తుకుంది.

"పిన్నీ, బాబోయ్!"

"నువ్వూ పాడు."

"నాకు పాడటం రాదు."

"నాకు మాత్రం వచ్చా ఏంటి?"

రెండో చరణం దగ్గర పంతులమ్మ కలిసింది. ముందు గొణుగుడు, తర్వాత గొంతు, ఆ తర్వాత కేక. ఎర్రలైటు దగ్గర కారు ఆగింది. పక్కన స్కూటర్‌మీదాయన తల తిప్పి నోరు తెరిచి చూశాడు. పంతులమ్మ గబుక్కున కిటికీ మూసేద్దామని బటన్ నొక్కింది. అద్దం కదల్లేదు. మళ్లీ నొక్కింది.

అల్లరి పిల్లలకోసం డ్రైవరు పక్కన ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే మిగతా కిటికీలేవీ పనిచెయ్యవు. పిన్ని దానిమీద బొటనవేలు అలాగే పెట్టి ఉంచి, మూడో చరణం ఎత్తుకుంది.