తెల్ల మూల

సాయంత్రపు అసర్ నమాజు కాగానే బెనౌదా తన జిమ్ము ఇనుప తలుపు పైకెత్తి, ముందుగా రింగు చుట్టూ తాళ్ళు బిగించేవాడు. ఒరాన్ రేవుపట్నం పాత పేటలో ఇది అందరూ ఎరిగిన పనే. రింగు కుంచించుకుపోతోంది కాబట్టి తాళ్ళు వదులవుతాయి, వదులైతే బిగించాలి. కుర్రాడెవడైనా బాక్సింగ్ మానేసి ఫెతి నడిపే కొట్లాట బోనుకు పోయిన మర్నాడల్లా రింగు జానెడు తగ్గేది. చెక్కలు విరిగేవి కావు, పైన గుడ్డ ముడతపడేది కాదు. నాలుగు మూలలూ కాస్త దగ్గరికి జరిగేవి, అంతే.

తాళ్ళు కిర్రుమనగానే ఎదుటి కొట్లోంచి ఖైరా తల బయటపెట్టి ఈసారి ఎవడు పోయాడని అడిగేది. ఆమె శనగపిండితో కరాంటికా వండి, రొట్టెలో ఇరికించి, జీలకర్ర పొడి చల్లి అమ్ముతుంది. బెనౌదా పేరు చెప్పేవాడు. ఆమె ఆ పేరుగల వాణ్ణి నాలుగు తిట్టి, వాడే కొట్టు దగ్గరికి వస్తే రెండు రొట్టెలు కట్టిచ్చేది.

ఫెతి ఒకప్పుడు బెనౌదా దగ్గర నేర్చుకున్నవాడే. మూతపడ్డ సినిమా హాలు తీసుకుని లోపల ఎనిమిది పలకల ఇనుప వల బోను కట్టించాడు. అందులో గుద్దొచ్చు, తన్నొచ్చు, పడేసి మీద కూర్చోవచ్చు, గొంతు బిగించొచ్చు. లోకమంతా ఇప్పుడు ఫోన్లలో చూసేది ఈ ఎంఎంఏ అనే కలగలుపు కొట్లాటనే. బాక్సింగంటే సగం కొట్లాట, మిగతా సగం మా దగ్గరుంది అంటారు కుర్రాళ్ళు. బెనౌదా దీన్ని కలగాపులగం అని తీసిపారేసేవాడు గానీ, ఆ హాల్లోంచి కేకలు వినిపించినప్పుడల్లా ఆయన మొహం చిన్నబోయేది.

చివరికి మిలూద్ ఒక్కడే మిగిలాడు. పొద్దున రేవులో చేపల పెట్టెలు మోస్తాడు, సాయంత్రం చేతులకు పట్టీలు చుట్టుకుంటాడు. అప్పటికి రింగు ఒక మంచం పట్టేంతే ఉంది. గురువూ శిష్యుడూ అందులో ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకుంటూ సాధన చేసేవాళ్ళు. బెనౌదా అన్నిటికన్నా గట్టిగా నేర్పింది గుద్దు కాదు, గుద్దిన తర్వాత చేయాల్సింది. అవతలివాడు పడితే వాడివైపు చూడకూడదు. వెనక్కి తిరిగి తెల్ల మూలకి, అంటే ఇద్దరిలో ఎవరిదీ కాని తెల్ల దిండు మూలకి, పోయి నిలబడాలి. పడ్డవాడు పది లెక్కపెట్టేలోపు లేవకపోతే ఓడినట్టే, కానీ నువ్వు అక్కడికి చేరేదాకా రిఫరీ లెక్క మొదలుపెట్టడు, నువ్వు ఎంత ఆలస్యం చేస్తే పడ్డవాడికి అంత ఊపిరి. ఏళ్ళ తరబడి మిలూద్ అలాగే తిరిగాడు. రింగు చిన్నదైన కొద్దీ మూల దగ్గరైంది. ఇప్పుడు వెనక్కి తిరిగి ఒక్క అడుగేస్తే వీపుకు తెల్ల దిండు తగిలేది.

ఆ ఏడు ఊరి ఫైనల్లో మిలూద్ గెలిచాడు. చూడ్డానికి వచ్చింది ఓడినవాడి మేనమామలూ, దీపం మార్చడానికి వచ్చి ఆగిన ఎలక్ట్రీషియనూ. మర్నాడు మిలూద్ కప్పు తెచ్చి గురువు ముందు పెట్టాడు.

"నన్నెవరూ చూడలేదు షేఖ్," అన్నాడు.

"నేను చూశాను కదరా."

"మీరు కాక."

బెనౌదాకు అప్పుడే అర్థమైంది. గుండె కోసుకుపోయింది. అయినా ఆయన ఎవరినీ కట్టేసి ఉంచిన మనిషి కాదు.

"ఫెతి పిలిచాడా?"

"పిలిచాడు. కానీ నేను పోతే మన రింగు..."

"రింగు సంగతి నాకొదిలెయ్. వెళ్ళు."

ఫెతి చెడ్డవాడేం కాదు, శ్రద్ధగానే నేర్పించాడు. కింద పడ్డం, కాళ్ళకు దొరక్కుండా జరగడం, గొంతు విడిపించుకోవడం, అన్నీ మిలూద్ చురుగ్గా పట్టుకున్నాడు. వాడు మర్చిపోవాల్సింది కూడా ఒకటుందని ఎవరికీ తట్టలేదు.

శుక్రవారం జుమా నమాజు తర్వాత పోటీ. హాలు కిక్కిరిసింది. బెనౌదా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు, పక్కన కొట్టు మూసేసి వచ్చిన ఖైరా. అవతలివాడు బెజాయా నుంచి వచ్చిన ఇదీర్, కుస్తీలో ఆరితేరినవాడు. ఇదీర్ మిలూద్ కాళ్ళు పట్టుకోబోయి వంగాడు. మిలూద్ ఎడమచేతి గుద్దు సరిగ్గా దవడ మీద పడింది. ఇదీర్ కూలిపోయాడు.

జనమంతా లేచారు. "మీద పడరా!" అని ఫెతి గొంతు చించుకున్నాడు. మిలూద్ వెనక్కి తిరిగాడు. ఒక్క అడుగేశాడు. వీపుకు ఏమీ తగల్లేదు. ఇంకో అడుగేశాడు. తెల్ల మూల లేదు. చేత్తో వల తడుముకుంటూ ఒక పలక, దాని పక్క పలక, మూల కోసం వెతుక్కుంటూ నడిచాడు. హాలు ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వింది. గోడ దగ్గర బెనౌదా తనకు తెలియకుండానే లెక్క మొదలుపెట్టాడు. ఏడు దగ్గర ఖైరా ఆయన నోరు మూసింది. ఇదీర్ లేచి, వెనకనుంచి వచ్చి, మెడ చుట్టూ చెయ్యి బిగించాడు. చాలని చేత్తో తడితే వదిలేస్తారు. మిలూద్ తట్టలేదు, గంట మోగుతుందని ఎదురుచూస్తూ స్పృహ తప్పాడు.

ఆ వారం దేశమంతా వాణ్ణి ఫోన్లలో చూసింది. టాక్సీల్లో, మంగలి షాపుల్లో, పెళ్ళిళ్ళలో చూసింది. రేవులో తోటివాళ్ళు పెట్టెల సందు చూపించి నీ మూల ఇక్కడుందిరా అన్నారు. జనం మళ్ళీ అడుగుతున్నారనీ, ఈసారి కూడా కాస్త అలాగే నడిస్తే బాగుంటుందనీ ఫెతి మొహం పక్కకు తిప్పుకుని చెప్పాడు. మిలూద్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఒకరోజు అసర్ తర్వాత జిమ్ముకు వచ్చాడు. తాళ్ళ చప్పుడు లేదు, బిగించడానికి తాళ్ళే లేవు. తెల్ల దిండు కట్టిన ఒక స్తంభం, దాని ముందు రెండు పాదాలు పట్టేంత చెక్క, మిగిలిన రింగు అదీ. మిలూద్ దానిమీదికెక్కి వీపు ఆనించి నిలబడ్డాడు. రింగు మళ్ళీ పెరుగుతుందేమోనని ఖైరా గుమ్మంలో ఆగి చూసింది. పెరగలేదు. బాక్సింగుకు ఇద్దరు కావాలి.

"వచ్చావా," అన్నాడు బెనౌదా. "నువ్వు మూలకి చేరేదాకా ఆగాను."

"దేనికి షేఖ్?"

బెనౌదా, ఒకప్పుడు రింగు పరుచుకుని ఉన్న వట్టి నేల వైపు తిరిగి, వేళ్ళు చూపిస్తూ లెక్క మొదలుపెట్టాడు. నాలుగు దగ్గర మిలూద్‌కు పడింది మనిషి కాదు, రింగేనని తెలిసింది. ఆపమని అడగలేకపోయాడు. బెనౌదా తొమ్మిది దగ్గర చాలాసేపు ఆగాడు. రిఫరీ అలా ఆగకూడదు, ఆ సంగతి ఆయనకు తెలుసు.

"పది," అన్నాడు.

కాళ్ళ కింద చెక్క మాయమై మిలూద్ తూలి వెనక్కి ఒక అడుగేశాడు. వీపుకు ఏమీ తగల్లేదు.