శుభలేఖలో స్రవంతి పేరు

వెంకట్రాజం ఎనుమాముల మార్కెట్లో కమీషన్ మీద మిర్చి అమ్మిపెట్టే అడ్తి వ్యాపారి. ఆచితూచి మాట్లాడతాడని పేరు. అలాంటివాడు కొడుకు శశాంక్ పెళ్లి శుభలేఖలో చిన్న కూతుర్ని ఉత్త ‘శ్రీలత’ అనీ, పెద్ద కూతుర్ని ‘ట్రాన్స్ స్రవంతి’ అనీ వేయించాడు. పైగా ఏదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాడు. మగపిల్లాడిగా పెరిగిన బిడ్డ తాను ఆడపిల్లనని చెప్పాక, చాన్నాళ్లు మాటే మానేసిన తండ్రి మరి.

హన్మకొండ నుంచి వచ్చిన స్రవంతి కార్డు చదివింది. “ఇదేంది బాపు?”

“మర్యాద మాటే గద బిడ్డా. టీవీల గూడ గట్లనే అంటాండ్రు.”

“మాట మంచిదే. అవసరమైతె నేనే చెప్పుకుంట. మరి శ్రీలత ముందట సిస్ అని ఎందుకు పెట్టలే?”

“గదేంది?”

“ట్రాన్స్ అంటె అవతలి దిక్కు. సిస్ అంటె ఇవతలి దిక్కు. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నరు, ఆడపిల్లగనే ఉన్నది, గందుకే అది సిస్. ఇవతలోళ్లకు ఎవ్వరు బోర్డు గట్టరు. నాకే గట్టినవ్.”

వెంకట్రాజానికి చురుక్కుమంది. మర్యాదా లేదు, మన్నూ లేదు. గడపగడపకూ వెళ్లి ‘మా పెద్దబిడ్డ’ అని నోటితో చెప్పే ధైర్యం లేక, ఆ పని కార్డుకు అప్పజెప్పాడు. ఆ సంగతి అతని మనసుకు తెలుసు. కార్డులేమో పసుపు పూసి పంచడం కూడా అయిపోయింది.

“కొంగుముడి నువ్వే వెయ్యాలె. పెద్దాడబిడ్డవు” అన్నాడు తల దించుకుని.

“అందరి ముందట బిడ్డా అని పిలువు బాపు. వచ్చి ఏస్త.”

పెళ్లిలో పంతులు ఆడబిడ్డను రమ్మన్నాడు. పట్టుచీర కట్టుకుని ముందు వరుసలో కూర్చున్న స్రవంతి తండ్రినే చూస్తోంది. వెంకట్రాజం లేచాడు. వియ్యాలవారు, మార్కెట్ సేట్లు అందరూ అతని వైపే చూశారు. గొంతు సవరించుకున్నాడు, కండువా సర్దుకున్నాడు. మాట మాత్రం పెగల్లేదు. ముహూర్తం దాటిపోతోందని పంతులు తొందరపెట్టాడు. శ్రీలత అక్క వంక ఒకసారి చూసి, వంగి ముడి వేసింది.

ఆ తర్వాత వచ్చినవాళ్లంతా వరసగా అక్షింతలు వేసి వెళ్తున్నారు. వెంకట్రాజం సిగ్గుతో తలెత్తకుండా, ఎదురొచ్చిన ప్రతివారికీ చేతులు జోడిస్తున్నాడు.

“భోజనం జేసి పోండ్రి.”

“చేసిననండి” అంది స్రవంతి గొంతు. “పోయొస్త.”