పుట్టీ కింద పగులు

ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో. అందులో రెండు గుట్టల మధ్య పాత ఇనుప వంతెన. జనరేటర్ లారీలు ఏళ్ల తరబడి దాని మీద తిరిగి తిరిగి, అడుగున ఉన్న దూలానికి సన్నటి పగులు తెచ్చిపెట్టాయి. తీగను పదే పదే వంచితే తెగినట్టే, ఇనుమూ అలసిపోతుంది. ఇంజనీరు జెరూష ఆ పగులు కొసన చిన్న రంధ్రం వేయించింది. పగులు ఆ రంధ్రం దగ్గరే ఆగాలి, ముందుకు పాకకూడదు. దూలానికి ఇనుప పలకలు బిగించేదాకా లారీలు వద్దని, మనుషులు నడవవచ్చని చెప్పింది. అయినా మనసాగక రోజూ వచ్చి చూసుకునేది.

ఈరోజు వచ్చేసరికి రంధ్రమే లేదు. పాట షూటింగ్ కోసం ఆర్ట్ వాళ్లు వంతెనకు ఎర్రరంగు కొట్టి, నున్నగా కనపడాలని రంధ్రంలో పుట్టీ నింపేశారు. పైన పటారం, లోన లొటారం. పగులు రంధ్రం దాటిందో లేదో ఇక జెరూషకు కనపడదు.

"డాన్స్ ఆపించండి, సాయిశ్రీనివాస్ గారూ," అంది ప్రొడక్షన్ మేనేజరుతో.

"మనుషులు పోవచ్చని మీరే అన్నరు గద మేడమ్. గిప్పుడేంది?"

"నడవచ్చన్నాను. అందరూ కలిసి ఎగరచ్చనలేదండీ."

"జర ఆగుండ్రి. ఈ ఒక్క షాట్ అయిపోనీ."

పాట మొదలైంది. ముందు వరుసలో ఆమె తమ్ముడు బెన్సన్ ఉన్నాడు. ఇన్నాళ్లూ వెనకెక్కడో ఎగిరినవాణ్ణి ఈరోజే ముందుకు పిలిచారు. పొద్దున అమ్మ చేత ప్రార్థన చేయించుకుని మరీ వచ్చాడు.

జెరూష వంతెన కిందికి దిగి, ఇంటి తాళంచెవితో పుట్టీ గీకింది. పైన అడుగులు పడినప్పుడల్లా దూలం చేతికింద అదురుతోంది. పుట్టీ ఊడింది. రంధ్రానికి అవతల కూడా పగులు ఉంది, వెంట్రుకంత. అడుగు పడితే తెరుచుకుంటోంది, లేస్తే మూసుకుంటోంది.

పైకి పరుగెత్తి ఆపమని అరిచింది. విన్నవాళ్లూ ఆగలేదు. సెట్లో దర్శకుడు కట్ అనేదాకా ఎవరి కాలూ ఆగదు. ఆమె దర్శకుడి చేతిలోని మైకు లాక్కుని, "కట్" అంది.

అందరూ ఆగిపోయారు.

"ఎగరకండి. ఒక్కొక్కరే మెల్లగా ఇవతలికి రండి."

"నా సెట్లో కట్ చెప్పడానికి నువ్వెవరు?" అన్నాడు దర్శకుడు. జెరూష చూపు వంతెన మీదనుంచి తిప్పలేదు.

అందరికంటే చివర బెన్సన్ వచ్చాడు. కళ్లలో నీళ్లు.

"అక్కా, ఆపడానికి నా షాటే దొరికిందా నీకు?"

వాడి కాలు నేల మీద పడగానే జెరూష వాడి మణికట్టు పట్టుకుంది. వాడు విదిలించుకోబోయాడు. ఆమె వదలలేదు.